తూము తిప్పాక ఎంతసేపు ఆగాలి?

మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాలను అదుపులో నడిపే శాస్త్రం) పరీక్షకు మూడు రోజుల ముందు సెమీలాగ్ గ్రాఫు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పాత ప్రశ్నపత్రం లోంచి ఒక లెక్క ఇచ్చాను. పావుగంటలో బోడే ప్లాట్ గీసి చూపించాడు. ఒక వ్యవస్థను ఏ వేగంతో ఊపితే అది ఎంత స్పందిస్తుందో, ఎన్ని డిగ్రీలు వెనకబడుతుందో చూపే గ్రాఫు అది. గీతలు చక్కగా ఉన్నాయి, వాలు మారే చోట్లు సరిగ్గా గుర్తుపెట్టాడు, క్రాసోవర్ దగ్గర, అంటే స్పందన ఇచ్చిన ఊపుకు సమానమయ్యే చోట, సెకనుకు 2 రేడియన్లని రాసుకున్నాడు. కింద స్కేలుతో రెండు గీతలు కొట్టి "ఫేజ్ మార్జిన్ 45 డిగ్రీలు, వ్యవస్థ సుస్థిరం" అని ముగించాడు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేయాల్సిందే.

"సరేరా, ఆ 45 డిగ్రీలు దేనికి మిగిలాయి?" అని అడిగాను.

"మైనస్ 180కి చేరడానికి, మావయ్యా."

"చేరితే?"

"అన్‌స్టేబుల్ అవుతుంది."

"నీ ముందు ఒక మోటారు ఉంది, బాగానే తిరుగుతోంది. ఆ 45 డిగ్రీలను తినేసేది ఏమిటి? అది ఎక్కడి నుంచి వస్తుంది?"

వాడు కాసేపు గ్రాఫు వంక చూసి, పుస్తకం తిరగేసి, తల అడ్డంగా ఊపాడు. వాడిది తెలివైన బుర్ర. ఆ వయసులో నాకూ ఆ జవాబు తెలియదు. తెలియకుండానే నాకు మంచి మార్కులు వచ్చాయి, పట్టా వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

ఎనిమిదేళ్లు కర్మాగారంలో కంట్రోల్ రూములో పనిచేసి, పన్నెండేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. ఈ చదువు మీద నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. ఈ పాఠాన్ని మనం మొదలుపెట్టాల్సిన చోట మొదలుపెట్టడం లేదు. ఫీడ్‌బ్యాక్ (ఫలితాన్ని చూసి చేతను సరిదిద్దుకోవడం) గురించి మొదటి రోజున చెప్పాల్సిన మాట లాప్లాస్ పరివర్తనం అనే గణిత పద్ధతి కాదు, జాప్యం. చేసిన పని ఫలితం ఆలస్యంగా కనిపిస్తుందన్న సంగతి. గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లలకు అది ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్లకు తెలిసిన దాన్నే వాళ్ల దగ్గర దాచిపెట్టి, చివరి వారంలో "ట్రాన్స్‌పోర్టేషన్ లాగ్" అని అర పేజీ చెప్పి వదిలేస్తున్నాం. చాలా ఏళ్లు ఆ అర పేజీ కూడా నేను చెప్పలేదు.

లాకుల దగ్గర

మా తాతయ్య లస్కరు. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక కాలువ మీద, లాకుల పక్కనే మా ఇల్లు. కాలువ గట్టు మీద నిలబడితే ఒకవైపు షట్టర్లు, వాటి ఇనుప మరలు, మరోవైపు రాతిలో చెక్కిన గేజి. పై నుంచి వచ్చిన నీటిని మా లాకుల దగ్గర ఎంత ఆపాలి, కిందికి ఎంత వదలాలి అన్నది ఆయన చేతిలో పని.

ఆయన షట్టరు తిప్పే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చక్రాన్ని అరచుట్టు తిప్పేవాడు. తర్వాత కిందికి దిగి, నీరు తాకే అంచున బురదలో ఒక కొబ్బరి ఈనె గుచ్చేవాడు. గేజి చూడటానికి వీలుగానే ఉంది, అయినా ఈనెనే నమ్మేవాడు. గేజి మీద అంగుళం కదిలితే గానీ కనపడదు, ఈనె మీద తడి గీత వేలిగోరంత జరిగినా తెలిసిపోతుంది. ఈనె గుచ్చి బీడీ ముట్టించేవాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి. మళ్లీ చక్రం జోలికి వెళ్లేవాడు కాదు.

శివారు రైతులు సైకిళ్ల మీద వచ్చి అడిగేవారు. "బాబాయ్, మా ఆకుమళ్లు నెర్రెలిచ్చాయి. ఇంకో రెండు చుట్లు తిప్పు."

"తిప్పాను. మీరు ఇంటికి చేరేలోపు నీరు చేరదు. రేపు పొద్దున్న చూసుకుని, అప్పటికీ రాకపోతే రండి."

వాళ్లకు కోపం వచ్చేది. పొలం ఎండుతుంటే చేతిలో చక్రం పెట్టుకుని కూర్చున్నవాడిని చూస్తే ఎవరికైనా కోపం రావడం సహజం. మా లాకుల నుంచి శివారుకు నీరు చేరి, అక్కడి బోదెల్లో మట్టం పెరగడానికి దాదాపు ఒక పగలు పట్టేది. ఆ పగలంతా ఓర్చుకోవడమే ఆయన ఉద్యోగంలో సగం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సార్వా మొదట్లో తాతయ్యకు జబ్బు చేసింది. ఆయన బదులు వచ్చినతను కష్టపడే మనిషి, ఎవరినీ కాదనలేడు. శివారు వాళ్లు రాత్రిపూట వచ్చి అడిగితే రెండు చుట్లు తిప్పాడు. తెల్లారేసరికి నీరు రాలేదని మళ్లీ వచ్చారు. ఇంకో రెండు చుట్లు. మధ్యాహ్నానికి ఇంకొకటి. ఆ రాత్రి ఆ నీరంతా ఒకదాని వెనక ఒకటిగా శివారుకు చేరింది. ఆకుమళ్లు మునిగాయి, మురుగు కాలువ పొంగింది. ఈసారి మునిగినవాళ్లు పరుగున వచ్చి మూసెయ్యమన్నారు. పూర్తిగా మూసేశాడు. అప్పటికే దారిలో ఉన్న నీరు ఇంకో పూట ముంచుతూనే ఉంది. ఆ తర్వాత రెండు రోజులు చుక్క లేదు. మళ్లీ గొడవ, మళ్లీ చక్రం. ఇలా దాదాపు రెండు వారాలు ఎండటం, మునగడం. పై నుంచి వచ్చే నీటిలో ఏ మార్పూ లేదు. వాన కూడా పడలేదు.

ఆ రెండు వారాలను నేను కొన్నేళ్లుగా తరగతిలో బోర్డు మీద గీస్తున్నాను. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఊగిసలాట అంటే అదే. గెయిన్ (తేడా కనిపించగానే ఎంత జోరుగా సరిచేస్తామన్నది) ఎక్కువ, జాప్యం ఎక్కువ. అతను తప్పుడు దిశలో ఒక్కసారి కూడా తిప్పలేదు. నీరు తక్కువైతే తెరిచాడు, ఎక్కువైతే మూశాడు. పుస్తకంలో చెప్పే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అచ్చంగా అదే. అంత సరైన పని అంత నష్టం చేసింది. ఈ సంగతి తెలియకుండా ఒక విద్యార్థి ఈ పాఠం పూర్తిచేస్తే, ఆ చదువు కాగితం దాటలేదనే నేను అంటాను.

పన్నెండు అంగుళాల లెక్క

దీనికి ఏ పరివర్తనమూ అక్కర్లేదు. తరగతిలో మొదటి రోజు నేను ఇచ్చే లెక్క ఇది. శివారులో మట్టం 12 అంగుళాలు తక్కువగా ఉంది. గంటకొకసారి ఫోనులో మట్టం తెలుసుకుని, అప్పటి లోటులో సగం పూడ్చేంత నీరు వదలాలి. వదిలిన నీరు 3 గంటలకు చేరుతుంది. రాసుకుంటూ పొండి.

మొదటి రెండు గంటలూ లోటు 12 గానే ఉంటుంది. మూడో గంటకు 6. నాలుగో గంటకు సున్నా. ఇక్కడ విద్యార్థులు కలం కింద పెట్టేస్తారు, అయిపోయిందని. ఇంకా రాయమంటాను. ఐదో గంటకు 6 అంగుళాలు ఎక్కువ. ఆరో గంటకు 9 అంగుళాలు ఎక్కువ. మనం నీరు వదలడం మానేశాక కూడా పెరుగుతూనే ఉంది, ఎందుకంటే అది కాలువలో ఇంకా నడిచివస్తున్న పాత నీరు. ఆ తర్వాత తగ్గి, పదో గంటకు మళ్లీ 3 అంగుళాల లోటు, పన్నెండో గంటకు దాదాపు 7. ఊగి ఊగి ఎప్పటికో నిలబడుతుంది.

సగం బదులు లోటు మొత్తం ఒక్కసారే పూడ్చబోతే? ఆరో గంటకు 24 అంగుళాల ముంపు. తొమ్మిదో గంటకు 36 అంగుళాల లోటు. మొదలైన లోటు 12 మాత్రమే.

పదో వంతు మాత్రమే సరిచేస్తే ఆరో గంటకు ఏడు అంగుళాల పైచిలుకు, పన్నెండో గంటకు మూడు. నిదానం, కానీ ఒక్కసారి కూడా పొలం మునగదు. మా తాతయ్య అరచుట్టు ఇదే.

ఈ పట్టిక రాసిన తర్వాత సిద్ధాంతం చెబితే అది చెవికి ఎక్కుతుంది. మట్టం నింపుకునే ఒక చెరువు, దాని ముందు ఒక జాప్యం: ఈ రెండూ కలిసినచోట గెయిన్‌ను జాప్యంతో గుణిస్తే వచ్చే సంఖ్య 0.37 లోపు ఉంటే ఊగిసలాటే ఉండదు, 1.57 దాటితే ఊగిసలాట పెరుగుతూ పోతుంది. మొదటిది ఒకటిని సహజ సంవర్గమానపు ఆధారంతో భాగిస్తే వచ్చేది, రెండోది π (3.14) విలువలో సగం. జాప్యం రెట్టింపైతే చేతి వేగం సగానికి తగ్గించాలి. కాలువ నీటిని ఇలా జాప్యం, చెరువు అన్న రెండు ముక్కలుగా చూడటం నా సొంత ఊహ కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1990లలో కాలువల నియంత్రణ మీద పనిచేసినవాళ్లు సరిగ్గా ఇదే నమూనాను వాడారు. వాళ్లది కూడా డెల్టాయే.

ఇక మా మేనల్లుడి 45 డిగ్రీలు. అవి 0.785 రేడియన్లు. వాడి క్రాసోవర్ సెకనుకు 2 రేడియన్లు. భాగిస్తే 0.39 సెకను. అంటే ఆ మోటారు లూపులో ఎక్కడైనా, సెన్సారులో గానీ, కంప్యూటర్‌లో గానీ, తీగలో గానీ 0.39 సెకను ఆలస్యం జరిగితే వాడు సుస్థిరం అని రాసిన వ్యవస్థ అదుపు తప్పుతుంది. ఫేజ్ మార్జిన్ అంటే ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలదో చెప్పే కొలత. ఒక్క భాగాహారం. దీన్ని ఏ ప్రశ్నపత్రంలోనూ అడగగా నేను చూడలేదు.

నాకు ఈ సంగతి తెలిసిన రాత్రి

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక రసాయన కర్మాగారం, రాత్రి షిఫ్టు. వేడి నీటి లూపు ఒకటి చాలా మందకొడిగా ఉందని, దాన్ని చురుగ్గా చేద్దామని వాల్వును తానే తిప్పే పీఐడీ కంట్రోలర్ అనే పరికరం గెయిన్ పెంచాను. ఉష్ణోగ్రత సెన్సారు ఆవిరి వాల్వుకు చాలా దూరంలో, పొడుగాటి పైపు చివర ఉంది. నీరు అక్కడికి రావడానికి పట్టే సమయం నా లెక్కలో లేదు, ఎందుకంటే నేను చదివిన ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్లలో పైపులు ఉండవు. అర్ధరాత్రి దాటాక చార్టు మీద గీత అలలుగా లేవడం మొదలైంది. తగ్గుతోందని ఇంకాస్త ఇచ్చాను, పెరుగుతోందని తగ్గించాను. వాల్వు పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం. చెమటలు పట్టాయి.

పక్క బల్ల దగ్గరున్న పాత ఆపరేటరు లేచి వచ్చి, లూపును మాన్యువల్‌లో పెట్టి, వాల్వును ఒకచోట నిలిపి కుర్చీలో కూర్చున్నాడు. "ఆగండి సార్. నీళ్లు పైపులో నడవాలి కదా." అంతే అన్నాడు. పావుగంట ఇద్దరం ఏమీ ముట్టుకోలేదు. గీత మెల్లగా సర్దుకుంది.

ఆ పావుగంటలో నాకు లాకులు గుర్తొచ్చాయి, కొబ్బరి ఈనె గుర్తొచ్చింది. నాలుగేళ్ల చదువులో ఒక్కసారి కూడా గుర్తురాలేదు. లస్కరు మనవడినై ఉండీ, మునిగిన ఆకుమళ్లను కళ్లారా చూసి ఉండీ, నా చేతిలో ఉన్నది అదే చక్రమని నాకు తట్టలేదు. తప్పు నాదే, కానీ అంతా నాది కాదు. ఆ రెండూ ఒకటేనని చెప్పడం చదువు పని.

ఎవరిని చూసి నేర్చారు

ఈ శాస్త్రం చరిత్రను మన పాఠ్యాంశాల్లో పేర్ల జాబితాగా కుదిస్తారు. ఆవిరి యంత్రం వేగాన్ని నిలకడగా ఉంచే వాట్ గవర్నరు, 1868లో దాని ఊగిసలాట మీద మాక్స్‌వెల్ రాసిన పత్రం, తర్వాత రౌత్, హర్విట్జ్, నైక్విస్ట్, బోడే. నాకు వీళ్లందరికంటే ఎక్కువ గుర్తుండిపోయినవాడు మినోర్స్కీ. 1922లో ఓడలను వాటంతట అవే దారి పట్టేలా నడిపించడం గురించి ఆయన రాశాడు. ఈరోజు పీఐడీ అని మనం పిలిచే మూడు ముక్కల నియమం గణిత రూపంలో స్పష్టంగా కనిపించేది అక్కడే. ఆయన ఆ నియమాన్ని గాలిలోంచి తీయలేదు. చుక్కాని పట్టిన నావికుడు ఏం చేస్తాడో గమనించాడు. మంచి నావికుడు ఓడ ఎంత పక్కకు పోయిందన్నది ఒక్కటే చూడడు. ఎంత వేగంగా తిరుగుతోందో చూసి, అది దారిలోకి రాకముందే చుక్కాని వెనక్కి తిప్పుతాడు. గాలి ఒకే వైపు తోస్తూ ఉంటే చుక్కానిని దానికి ఎదురుగా కాస్త తిప్పి ఉంచుతాడు. ఈ మూడూ సమీకరణమయ్యాయి.

మరి నూట డెబ్బై ఏళ్లకు పైగా గోదావరి కాలువల మీద షట్టర్లు తిప్పినవాళ్లను ఎవరైనా ఇలా గమనించారా? ధవళేశ్వరం కింద మూడు డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు నీరు పంచేది ఒక పెద్ద నియంత్రణ వ్యవస్థ. దాన్ని చేతులతో, కళ్లతో, ఫోన్లతో నడిపినవాళ్ల దగ్గర ఎన్ని నియమాలున్నాయో. మా తాతయ్య దగ్గర ఉన్నవి ఆయనతోనే పోయాయి. నేను ఇంజనీరును అయ్యాక కూడా కూర్చోబెట్టి అడగలేదు. ఆయన వెళ్లిపోయాకే నాకు ప్రశ్నలు వచ్చాయి.

పంటు మీద గోదావరి దాటేటప్పుడల్లా నాకు గుర్తొచ్చే ఇంకో సంగతి ఉంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ ఆలోచన హెరాల్డ్ బ్లాక్‌కు 1927 ఆగస్టు 2న, ఉద్యోగానికి వెళ్తూ హడ్సన్ నది దాటే పడవ మీద తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే సమీకరణాలు రాసుకున్నాడు. సెలవులకు ఇంటికి వెళ్తూ నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వస్తున్నప్పుడు సరంగు వైపు చూస్తూ నిలబడేవాణ్ని. ప్రవాహం పక్కకు తోస్తుందని తెలిసి, రేవుకు సూటిగా కాక ఎగువకు గురిపెట్టి నడుపుతాడు. గాలిని చూసి నావికుడు చేసే పని, ప్రవాహాన్ని చూసి సరంగు చేసే పని ఒకటే. అప్పట్లో నా సంచిలో కంట్రోల్ సిస్టమ్స్ నోట్సు ఉండేది.

ఒప్పుకోవాల్సిన మాటలు

నాతో పాటు పనిచేసే ఒక మిత్రుడు ఈ వాదనను ఎప్పుడూ అంగీకరించలేదు. ఆయన మాటలో బలం ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. "జాప్యం పెట్టగానే నీ సమీకరణం బీజగణితంలో లొంగదు. మూలాలు అనంతం అవుతాయి. సుస్థిరత తేల్చే రౌత్ పట్టిక పనిచేయదు, మూలాలు కదిలే దారి చూపే రూట్ లోకస్ చేత్తో గీయలేవు. రెండో సంవత్సరం పిల్లవాడికి లొంగే లెక్కలతో మొదలుపెట్టాలా, లొంగనిదానితోనా? పైగా ఈ శాస్త్రం గొప్పతనమే అది కాలువకూ విమానానికీ ఒకే భాషలో మాట్లాడటం. నువ్వు దాన్ని మళ్లీ కాలువ గట్టుకు కట్టేస్తున్నావు."

మొదటి మాట నిజమే. జాప్యాన్ని చివరికి నెట్టడానికి అసలు కారణం అదే. చేత్తో చేయలేని లెక్కలు పరీక్షకు పనికిరావు. కానీ అది చేతి లెక్కల కాలం నాటి పద్ధతి, అప్పట్లో కంప్యూటర్లు లేవు. ఇప్పుడు పన్నెండు అంగుళాల పట్టికను ఫోనులో స్ప్రెడ్‌షీటు మీద పది నిమిషాల్లో వెయ్యి గంటల దాకా నడిపించవచ్చు. లొంగని లెక్కను ముందు చూసినవాడికి, లొంగే లెక్కలు ఎందుకు కనిపెట్టారో అర్థమవుతుంది.

రెండో మాట నన్ను చాలాకాలం వేధించింది. ఒక ఏడాది నా తరగతిలో అనంతపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఉన్నాడు. నేను కాలువ, తూము, శివారు అంటూ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. తరగతి అయ్యాక పిలిచి అడిగాను. "మా ఊళ్లో పారే కాలువ లేదు సార్. బోరు నీళ్లే" అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మా నేల మీద ప్రేమతో ఒక పిల్లవాడిని గుమ్మం బయట నిలబెట్టాను. మర్నాడు వాడే వచ్చి, "హాస్టల్లో గీజరు సార్" అన్నాడు. పైఅంతస్తులో వేడినీటి కుళాయి తిప్పితే చాలాసేపు చల్లటి నీరే వస్తుంది, ఇంకా తిప్పితే కాసేపటికి ఒళ్లు కాలుతుంది, తగ్గిస్తే మళ్లీ చలి. ఎన్ని సెకన్లు పడుతుందో వారం రోజులు కొలిచి, తన చేతి గెయిన్ ఎంత ఉండాలో లెక్కవేసి తెచ్చాడు. ఆ ఏడాది తరగతి మొత్తంలో నాకు చేరిన అతి మంచి పని అది. అప్పటి నుంచి కాలువ ఉదాహరణ చెప్పాక, "మీ ఇంట్లో ఆలస్యంగా వచ్చేది ఏమిటో కనుక్కుని రండి" అంటున్నాను.

మూడో సంగతి మిత్రుడు అనలేదు, నేనే చెప్పాలి. ఇలా చెప్పడం మొదలుపెట్టాక మా ఉత్తీర్ణత ఏమీ పెరగలేదు. మొదటి రెండు వారాలు పట్టికలకు పోవడంతో చివర్లో స్టేట్ స్పేస్ అనే పాఠం హడావిడిగా చెప్పాల్సి వచ్చింది, దాని మీద పిల్లలు ఫిర్యాదు చేశారు, అది న్యాయమైన ఫిర్యాదే. ఒకే ప్రశ్నపత్రం ఎన్నో కాలేజీలకు పోయే చోట, వేల జవాబుపత్రాలు ఒకే కొలతతో దిద్దాల్సిన చోట, బోడే ప్లాట్ గీయమనడం కంటే సులువైన ప్రశ్న ఏముంటుంది? ప్రయోగశాలలో కిట్లు కూడా అలాంటివే. తీగలు కలిపితే బొమ్మ వస్తుంది, రికార్డులో ఎక్కుతుంది. ఆ కిట్టులో దేన్నీ చెడగొట్టలేరు, అందుకే దాని నుంచి ఏమీ నేర్చుకోలేరు. ఊగిసలాటను ఒక్కసారైనా తన చేతులతో పుట్టించని విద్యార్థి దాన్ని ఆపడం ఎలా నేర్చుకుంటాడు?

చెరువు గట్టు మీద

ఆ రోజు గ్రాఫు కాగితాలు మడిచి పెట్టించి, మేనల్లుడిని వాళ్ల నాన్న చెరువు దగ్గరికే తీసుకెళ్లాను. బావ వనామి రొయ్యలు పెంచుతాడు. మేం వెళ్లేసరికి చెక్కబల్ల మీద మోకాళ్ల మీద కూర్చుని చెక్ ట్రే పైకి లాగుతున్నాడు. నీళ్లు కారుతున్న వలపళ్లెం, దాని మూలల్లో ఎగిరిపడుతున్న ఏడెనిమిది రొయ్యలు, అడుగున తినకుండా మిగిలిన మేత గుళికలు. వేలితో గుళికలు జరిపి చూశాడు. ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి, వీపు వెంబడి పేగు గీత నిండుగా ఉందో లేదో చూశాడు. "మిగిల్చాయి. సాయంత్రం మేత తగ్గించాలి" అని పుస్తకంలో రాసుకున్నాడు.

"ఎంత తగ్గిస్తావు బావా?"

"కొంచెమే. ఒక్క ట్రే చూసి సగానికి కోసేస్తే రెండు రోజులకు రొయ్య పలచబడుతుంది. నాలుగు ట్రేలూ చూడాలి, రేపు కూడా చూడాలి."

"మేత ఎక్కువైతే ఎప్పుడు తెలుస్తుంది?"

"ట్రేలో అయితే రెండు గంటల్లో. నీటిలో అయితే రోజులు పడుతుంది. అడుగున కుళ్లి అమ్మోనియా లేచే దాకా తెలియదు. అప్పటికి చేయి దాటిపోతుంది."

మేనల్లుడు ఈ మాటలు పుట్టినప్పటి నుంచి వింటున్నవే. ఆ రోజు మొదటిసారి విన్నట్టు విన్నాడు. కాసేపటికి అన్నాడు, "మావయ్యా, అంటే నాన్నకు రెండు లూపులున్నాయి. ఒకటి రెండు గంటల జాప్యంది, ఇంకొకటి రోజులది. నాన్న మొదటిదాన్ని చూసి రెండోదాన్ని కాపాడుతున్నాడు."

నేను ఏమీ కలపలేదు. కలపాల్సింది ఏమీ లేదు.

ఇంటికి వస్తూ దారిలో వాడే వరదల సంగతి ఎత్తాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని టీవీలో చెప్పగానే, ఇక్కడ నీరు ఇంకా పెరగకముందే లంకల్లో గొడ్లను గట్టెక్కించడం వాడు చూశాడు. ధవళేశ్వరానికి ఆ నీరు రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. "అది ఫీడ్‌బ్యాక్ కాదు కదా మావయ్యా? నష్టం జరిగాక సరిచేయడం కాదు, వచ్చేదాన్ని పైనే కొలిచి ముందే కదలడం." ఫీడ్‌ఫార్వర్డ్ అన్న మాట వాడి పుస్తకంలో ఒక మూల పెట్టెలో ఉంది. మా లంకల్లో ప్రతి ముసలమ్మకూ అది తెలుసు, పేరు తెలియదు. జాప్యం శత్రువని మాత్రమే చెప్పడం కూడా సగం నిజమేనని నాకు ఆ సాయంత్రమే తోచింది. పైన కొలిచేవాడు ఉంటే, కింద ఉన్నవాడికి ఆ జాప్యమే వ్యవధి అవుతుంది. పన్నెండేళ్లలో తరగతిలో నేను ఈ మాట అనలేదు. వచ్చే ఏడాది అంటాను.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు. బోడే ప్లాట్ వచ్చిందట. ఫేజ్ మార్జిన్ రాసి, దాని కింద ఎన్ని సెకన్ల జాప్యాన్ని ఓర్చుకోగలదో కూడా రాశాడట. అడగనిది రాసినందుకు మార్కులు తగ్గిస్తారా అని భయపడుతున్నాడు. తగ్గించరని చెప్పాను.

"ఇంకో మాట మావయ్యా. మన లాకుల నుంచి శివారుకు ఇప్పుడు నీరు ఎంతసేపట్లో వెళ్తోంది?"

తాతయ్య రోజుల్లో ఒక పగలు. ఆ తర్వాత కాలువ పూడింది, కొన్నిచోట్ల తవ్వారు, కొన్నిచోట్ల తూడు పెరిగింది. ఇప్పుడు ఎంతో నాకు తెలియదన్నాను. ఆదివారం కొలుద్దామన్నాడు. వాడు లాకుల దగ్గర ఉంటాడు, షట్టరు తిప్పగానే నాకు ఫోను చేస్తాడు. నేను శివారులో ఉంటాను. కొబ్బరి ఈనెలు ఇంట్లో చీపురులోంచే తీసి పెట్టాను.